కలపకు కాపుదల: పీడన ప్రక్రియ చరిత్ర

పొలం గట్టున పాతిన కంచె గుంజను కొన్నేళ్ల తరువాత పెరికి చూస్తే ఒక వింత కనబడుతుంది. గాలిలో నిలిచిన పైభాగం గట్టిగానే ఉంటుంది. భూమిలో బాగా లోతుకు దిగిన మొన కూడ చాలవరకు గట్టిగానే ఉంటుంది. నేలమట్టానికి జానెడు కిందుమీదులుగా ఉన్న భాగం మాత్రం వేలితో నలిపితే పిండివలె రాలుతుంది. గుంజ అంతా ఒకే కొయ్య, పాతినదీ ఒకేనాడు. మరి నడిమి భాగమే ఎందుకు కుళ్లినది?

కొయ్యను కుళ్లజేసేది కాలం కాదు, శిలీంధ్రాలు. పుట్టగొడుగుల జాతికి చెందిన ఈ జీవులు పెరగడానికి నాలుగు కావలెను: ఆహారం, నీరు, గాలి, తగుమాత్రపు వెచ్చదనం. ఆహారం కొయ్యలోనే ఉన్నది. గుంజ పైభాగానికి గాలి ఉన్నది కాని, వాన వెలసిన వెంటనే తేమ ఆరిపోతుంది. లోతున తేమ ఉన్నది కాని, గాలి చాలదు. నేలమట్టం దగ్గర రెండూ సమృద్ధిగా దొరుకుతవి. కొయ్యలోని తేమ దాని ఎండు బరువులో నూటికి 20 వంతులకు లోపుగా ఉన్నంతకాలం కుళ్లు శిలీంధ్రాలు పెరగలేవు. అది 30 వంతులకు చేరేసరికి అవి విజృంభిస్తవి.

ఇప్పుడొక ఇంటిని ఊహించవలెను. అమెరికాలో మెక్సికో సింధుశాఖ తీరాన, మిసిసిపీ రాష్ట్రంలో, ఇంటి వెనుక తలుపు తీయగానే చెక్క పలకలు పరచిన విశాలమైన వేదిక ఉంటుంది. అక్కడివారు దానిని డెక్కు అంటారు. మన ఇండ్ల ముందరి అరుగు చేసే పనినే అది చేస్తుంది: సాయంకాలం నలుగురు కూర్చుంటారు, పిల్లలు ఆడుకుంటారు. ఐతే దానికి పైకప్పు లేదు. వాన నేరుగా పలకలమీద పడుతుంది. దూలాల సందులలో నిలుస్తుంది. సముద్రపు గాలి దానిని త్వరగా ఆరనీయదు. ఎండాకాలం దీర్ఘమైనది. అంటే ఆ అరుగంతా, ప్రతి అతుకు వద్దా, నేలమట్టపు గుంజ స్థితిలోనే ఉన్నది. అక్కడ దొరికే కలప మెత్తని పైను. మామూలుగా ఐతే అది కొద్ది సంవత్సరాలలో కుళ్లిపోవలెను. కాని అట్టి అరుగులు ఇరవై ముప్పై ఏండ్లు నిలుస్తున్నవి. ఆ పైనుకు మందెక్కించడమే ఇందుకు కారణం. ఆ మందు కొయ్య లోపలికి ఎట్లా చేరినది, చేరినది అక్కడే ఎట్లా నిలిచినది అన్నదే ఈ చరిత్ర.

ఓడలు, సముద్రపు కట్టలు

కలప కుళ్లడం ఐరోపా దేశాలకు జీవన్మరణ సమస్యగా పరిణమించినది సముద్రం మీదనే. 1731లో హాలండు తీరపు కట్టలకు రక్షణగా నిలిపిన కొయ్యలను ఓడపురుగు తొలిచివేసినట్లు బయటపడినది. సముద్రమట్టానికి దిగువన ఉన్న ఆ దేశంలో కట్ట తెగితే ఊళ్లు మునిగిపోతవి. పేరుకు పురుగే ఐనా ఇది నిజానికి ఆల్చిప్ప జాతి ప్రాణి. లేతదశలో సూదిమొనంత రంధ్రం చేసి కొయ్యలో ప్రవేశిస్తుంది. లోపల పెరుగుతూ సొరంగాలు తవ్వుతుంది. పైకి కొయ్య చెక్కుచెదరనట్లే కనబడుతుంది.

బ్రిటిషు నౌకాదళానికి శిలీంధ్రాల బెడద అధికం. 1810లో నీటిలోనికి దింపిన క్వీన్ షార్లెట్ అనే పెద్ద యుద్ధనౌక, యుద్ధానికి వెళ్లకముందే కుళ్లి, భారీ మరమ్మతులకు గురి ఐనది. నెపోలియనుతో యుద్ధాలు జరుగుతున్న ఆ కాలంలో పచ్చి కలపతో తొందర తొందరగా ఓడలు కట్టేవారు. గాలి చొరని అడుగు అరలలో కుళ్లు వేగంగా వ్యాపించేది.

1832లో జాన్ హోవర్డ్ కయాన్ అనే అతడు మెర్క్యురిక్ క్లోరైడు ద్రావణంలో కలపను నానవేసే పద్ధతికి పేటెంటు పొందినాడు. మరుసటి సంవత్సరం మైకేల్ ఫారడే లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషనులో ఈ పద్ధతిని గూర్చి ఉపన్యసించినాడు. విద్యుచ్ఛాస్త్రంలో యుగకర్త ఐన ఫారడే కుళ్లిన కొయ్యను గూర్చి మాట్లాడినాడంటే, ఆనాడు ఈ సమస్యకు ఎంతటి ప్రాముఖ్యం ఉండెనో ఊహించవచ్చును. కాని కయాన్ పద్ధతికి రెండు లోపాలు కలవు. మెర్క్యురిక్ క్లోరైడు తీవ్రమైన విషం. పైగా అది ఇనుమును తినివేస్తుంది. రెండవది ఇంకా ముఖ్యమైనది. నానవేసినప్పుడు మందు కొయ్య పైపొరలకే పడుతుంది. ఎండకు కొయ్య బీటవారితే ఆ పగులు మందులేని లోభాగం దాకా పోతుంది. శిలీంధ్రానికి ఆ సందు చాలును.

విశేషమేమంటే, కుళ్లుకు కారణం శిలీంధ్రమే అని అప్పటికి రుజువు కాలేదు. కొయ్యలోని రసం పులియడం వలన కుళ్లు పుడుతుందనీ, శిలీంధ్రం తరువాత వచ్చి చేరుతుందనీ చాలమంది తలచేవారు. శిలీంధ్రపు పోగులే కొయ్యను కుళ్లజేస్తున్నవని జర్మనీలో రాబర్ట్ హార్టిగ్ 1870 దశకంలో నిరూపించినాడు. అంటే రోగకారణం తెలియడానికి దాదాపు నలభై ఏండ్ల ముందే చికిత్స మొదలైనది.

ఇనుప కొప్పెరలో శూన్యం

మందును లోపలికి తోయడానికి పీడనాన్ని ఉపయోగించవచ్చునని ఫ్రాన్సులో బ్రేయాన్ 1831లోనే సూచించినాడు. దానిని ఆచరణయోగ్యమైన పరిశ్రమగా మార్చిన ఘనత ఇంగ్లండుకు చెందిన జాన్ బెథెల్‌ది. అతని పేటెంటు 1838 నాటిది. నేటికీ ప్రపంచమంతటా మందెక్కించే కర్మాగారాలు మూలసూత్రంలో అతని పద్ధతినే అనుసరిస్తున్నవి.

దీనిలోని భౌతికశాస్త్రం పాఠశాల విద్యార్థికి సులభంగా అర్థమౌతుంది. పూర్తిగా ఎండిన పైను కలప ఒక ఘనమీటరు సుమారు 500 కిలోలు తూగుతుందనుకొందాము. కొయ్య కణాల గోడలు ఏ పదార్థంతో ఏర్పడినవో, ఆ పదార్థం మాత్రమే ఘనమీటరు నిండా ఉంటే దాని బరువు సుమారు 1500 కిలోలు. కాబట్టి ఆ పైను దుంగలో మూడవ వంతు మాత్రమే ఘనపదార్థం. తక్కిన రెండు వంతులూ బోలు. ఆ బోలులో గాలి ఉన్నది. మందు లోపలికి పోలేకపోవడానికి కారణం ఆ గాలియే. మూతి ఇరుకైన సీసాను నీటిలో బోర్లించి ముంచితే నీరు నిండనట్లే, గాలి చిక్కుకొన్న కణాలలో ద్రావణం నిండదు.

బెథెల్ కలపను పొడవైన ఇనుప కొప్పెరలో పెట్టి, మూత బిగించి, ముందుగా పంపుతో గాలిని తోడివేసినాడు. కణాలలోని గాలి చాలవరకు బయటికి వచ్చిన తరువాత, శూన్యం చెడకుండా కొప్పెరలోనికి మందు వదలినాడు. కొప్పెర నిండిన పిమ్మట పీడనం పెంచినాడు. నేటి కర్మాగారాలలో ఈ పీడనం వాతావరణ పీడనానికి సుమారు పది రెట్లు ఉంటుంది. దానితో మందు కణం నుంచి కణానికి లోతుగా ప్రవేశిస్తుంది. చివరకు మందును తీసివేసి, మరల కొంతసేపు శూన్యం కల్పిస్తే పైకి కారే మందు వదలిపోతుంది.

ఐనా ప్రకృతి విధించిన హద్దు ఒకటి ఉన్నది. చెట్టులో బయటి భాగమైన రసదారువు నీటిని మోసేది. దాని దారులు తెరచి ఉంటవి. లోపలి చేవదారువులో ఆ దారులు మూసుకొని ఉంటవి. ఎంత ఒత్తిడి పెట్టినా చేవలోనికి మందు సరిగా పోదు. టేకు వంటి చెట్ల చేవలో సహజంగానే శిలీంధ్రాలకు గిట్టని పదార్థాలు ఉన్నవి కనుక దానికి మందు అక్కరలేదు. పైనులో ఎక్కువ భాగం రసదారువే. ముడిగా ఉన్నప్పుడు అన్నిటికన్నా ముందు కుళ్లే ఈ కలపే మందెక్కించడానికి అన్నిటికన్నా అనువైనది. అమెరికా పశ్చిమ తీరంలో పెరిగే డగ్లసు ఫరు కలప మొండిది. దానికి యంత్రంతో పైన గాట్లు పెట్టి మందెక్కిస్తారు.

బెథెల్ వాడిన మందు బొగ్గుతారు నుంచి వచ్చే నూనె. దీనికే క్రియోజోటు అని పేరు స్థిరపడినది. ఇంగ్లండులో రైలుమార్గాలు శరవేగంతో వ్యాపిస్తున్న కాలమది. పట్టాల కింద వేసే కొయ్య స్లీపర్లు లక్షలకొలది కావలసివచ్చినవి. మరోవైపు, వీధిదీపాలకు బొగ్గునుంచి వాయువు తీసే కర్మాగారాలలో తారు వృథాగా పేరుకొనిపోతూ ఉండెను. ఒకచోటి వ్యర్థపదార్థం మరొకచోటి అవసరం తీర్చినది.

అమెరికా దక్షిణ తీరంలో కథ మరింత స్పష్టంగా కనబడుతుంది. న్యూ ఆర్లియన్సు నుంచి మొబీల్‌కు సింధుశాఖ వెంబడి వేసిన రైలుమార్గం అఖాతాలమీదుగా, బురదనేలల మీదుగా పోతుంది. దాని వంతెనల కొయ్య గుంజలను ఓడపురుగు త్వరత్వరగా తినివేసినది. అందుచేత 1875 ప్రాంతంలో మిసిసిపీ తీరాన వెస్ట్ పాస్కగూలా వద్ద బెథెల్ పద్ధతితో క్రియోజోటు ఎక్కించే కర్మాగారం నెలకొల్పినారు. ఆ దేశంలో ఈ పరిశ్రమ నిలదొక్కుకొన్నది అక్కడినుంచే.

కడిగిపోని మందు

క్రియోజోటు స్లీపరుకు మంచిదే కాని ఇంటికి పనికిరాదు. నల్లగా ఉంటుంది, ఘాటైన వాసన, ఎండకు చెమర్చి బట్టలకు అంటుతుంది, దానిమీద రంగు నిలవదు. ఇంటి కలపకు నీటిలో కరిగే లవణమే అనుకూలం. అట్టి లవణాలు అప్పటికే ఉన్నవి. 1838లోనే విలియం బర్నెట్ జింకు క్లోరైడుకు పేటెంటు పొందినాడు. మైలుతుత్తాన్ని, అనగా కాపర్ సల్ఫేటును, ఫ్రాన్సులో బూషెరీ చెట్ల రసనాళాల గుండా ప్రవేశపెట్టినాడు. కాని నీటిలో కరిగి లోపలికి పోయిన లవణం, వాననీటిలో కరిగి బయటికి కూడ వచ్చును. పొడి ప్రదేశాలలో ఇవి పనిచేసినవి. వానలు కురిసే తీరాలలో ఓడిపోయినవి. లోపలికి పోయేటప్పుడు కరగవలెను, పోయిన తరువాత కరగరాదు: ఒకే పదార్థం ఈ రెండు షరతులూ తీర్చడం ఎట్లా?

దీనికి దారి అనుకోని వైపు నుంచి తెరచుకొన్నది. జర్మనీలో వోల్మన్ మొదలైనవారు వాడిన లవణాలు కొప్పెరల ఇనుమును తినివేస్తూ ఉండెను. ఇనుమును కాపాడడానికి మందులో డైక్రోమేటు కలపవచ్చునని 1913లో బ్రూనింగ్, మార్మెట్‌ష్కె అనేవారు కనుగొన్నారు. క్రోమియం వచ్చినది కొప్పెర కొరకు. కాని అది చేరిన మందులు కొయ్యలో గట్టిగా నిలుస్తున్నవని క్రమంగా తేలినది. 1926లో బ్రిటనులో గన్ అనే అతడు రాగి లవణానికి డైక్రోమేటు చేర్చి ఈ గుణాన్ని ఉపయోగించుకొన్నాడు. ఐతే రాగికి లొంగని శిలీంధ్రాలు కొన్ని ఉన్నవి. అవి ఆక్సాలిక్ ఆమ్లాన్ని వెలువరించి రాగిని కరగని ఆక్సలేటుగా మార్చి, దాని విషాన్ని విరిచివేస్తవి. ఉష్ణదేశాలలో చెదల బాధ దీనికి తోడు.

సొంటి కామేశం

ఈ చిక్కుముడిని విప్పిన ఘనత డెహ్రాడూనులోని అరణ్య పరిశోధనాలయానికి చెందిన శ్రీ సొంటి కామేశం గారిది. తెలుగువారికి చిరపరిచితమైన ఈ పేరు కలప రక్షణ శాస్త్రంలో ప్రపంచమంతటా స్థిరపడినది. ఆయన మొదట, శిలీంధ్ర శాస్త్రంలో ప్రసిద్ధుడైన జర్మను పండితుడు రిచర్డ్ ఫాల్క్‌తో కలిసి, ఆర్సెనిక్, క్రోమియం కలిసిన మందును రూపొందించినారు. ఇద్దరి పేర్లు కలిపి దానికి ఫాల్కమేశం అని పేరు పెట్టినారు. తరువాత 1933లో దానికి రాగిని జోడించి కొత్త మందును సిద్ధంచేసినారు. ఆర్సెనిక్ రసాయన సంకేతం, రాగి రసాయన సంకేతం కలిపి చదివితే వచ్చేదే దాని పేరు: ఆస్కు. దీనికి 1934లో బ్రిటనులోను, 1938లో అమెరికాలోను పేటెంట్లు లభించినవి.

ఆస్కులో ఆర్సెనిక్ పెంటాక్సైడు ఒక పాలు, కాపర్ సల్ఫేటు మూడు పాళ్లు, డైక్రోమేటు నాలుగు పాళ్లు. ప్రతి ఒక్కదానికీ ఒక బాధ్యత. రాగి శిలీంధ్రాలను అణచుతుంది. రాగికి లొంగని శిలీంధ్రాలనూ, చెదలనూ ఆర్సెనిక్ చూసుకొంటుంది. క్రోమియం దేనినీ చంపదు. తక్కిన రెండింటినీ కొయ్యకు కట్టివేస్తుంది. ద్రావణంలోని షట్సంయోజక క్రోమియం కొయ్యలోని పదార్థాలతో చర్య పొంది త్రిసంయోజక క్రోమియంగా క్షయకరణం చెందుతుంది. అది ఆర్సెనిక్‌తో కలిసి నీటిలో కరగని సమ్మేళనాలుగా కణాల గోడలలో నిలుస్తుంది. రాగి కూడ కొయ్య పదార్థానికి అంటుకొంటుంది. నారింజ రంగు ద్రావణంలో మునిగిన పలక కొద్ది దినాలలో లేత ఆకుపచ్చకు తిరుగుతుంది. ఆ రంగుమార్పే లోపల చర్య జరిగినదనడానికి గుర్తు.

అంటే కామేశం గారు కొయ్యనే రసాయన పాత్రగా ఉపయోగించుకొన్నారు. కరిగే మూడు పదార్థాలు లోపలికి పోయినవి. కరగని సమ్మేళనాలు లోపలే పుట్టినవి. వంద సంవత్సరాలుగా వానకు కడిగిపోతూ వచ్చిన మందు మొదటిసారిగా నిలిచినది.

అమెరికాలోని బెల్ టెలిఫోన్ సంస్థ 1930 దశకం చివరి సంవత్సరాలలో ఈ మందును తన స్తంభాలకు వాడి పరీక్షించినది. 1938 నుంచి ఆ దేశపు అటవీ ఉత్పత్తుల ప్రయోగశాల మిసిసిపీ రాష్ట్రంలో సాసియర్ వద్ద ఒక అడవిలో రకరకాల మందులెక్కించిన పైను మేకులను పాతి, ఏటేటా పెరికి చూస్తూ వచ్చినది. వానా వేడిమీ చెదలూ అన్నీ ఉన్న ఆ నేలలో మందులేని మేకులు కొద్ది ఏండ్లలో పోయినవి. రాగి, క్రోమియం, ఆర్సెనిక్ తగు మోతాదులో ఎక్కిన మేకులు దశాబ్దాల తరబడి నిలిచినవి.

పెరటి అరుగుల కాలం

1970 దశకం నుంచి అమెరికాలో ఇంటింటా చెక్క అరుగులు వెలసినవి. ఆకుపచ్చ ఛాయగల పైను పలక చౌక, వాసన లేదు, రంగు వేయవచ్చును. మోతాదులు అవసరాన్నిబట్టి నిర్ణయమైనవి. నేలకు తగలని పలకలకు ఘనమీటరుకు 4 కిలోలు, నేలను తాకే గుంజలకు 6.4 కిలోలు, సముద్రపు నీటిలో దిగే గుంజలకు 40 కిలోలు మందు పట్టవలెను. మందు ఒకటే ఐనా, శత్రువు బలాన్నిబట్టి మోతాదు పదింతలు మారుతుంది.

ఈ సంఖ్యలలోనే తరువాతి వివాదానికి బీజం కూడ ఉన్నది. 6.4 కిలోల మందులో ఆర్సెనిక్ మూలకం ఎంతో లెక్కకడితే ఘనమీటరుకు సుమారు 1.4 కిలోలు వస్తుంది. టెలిఫోను స్తంభంలో అది ఎవరినీ తాకదు. కాని పెరటి అరుగుమీద పిల్లలు పాకుతారు. అరచేతులతో పలకలను రాస్తారు. ఆ చేతులే నోట్లో పెట్టుకొంటారు. క్రోమియం ఎంత గట్టిగా పట్టినా ఉపరితలం నుంచి స్వల్పంగా ఆర్సెనిక్ చేతికి అంటుతున్నదనీ, అరుగు కింది మట్టిలో దాని పాలు పెరుగుతున్నదనీ పరీక్షలు చూపినవి. పాత పలకలను పొయ్యిలో వేయడం మరీ ప్రమాదం. పొగలోను బూడిదలోను ఆర్సెనిక్ ఉంటుంది.

2002 ఫిబ్రవరిలో అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ ఒక ప్రకటన చేసినది. దాని ప్రకారం ఉత్పత్తిదారులు తమంత తామే ఈ మందును ఇండ్ల కలపకు వాడడం మానుకొనడానికి అంగీకరించినారు. 2003 డిసెంబరు 31తో ఆ వాడకం ముగిసినది. స్తంభాలకు, సముద్రపు గుంజలకు, ఇతర పారిశ్రామిక అవసరాలకు అనుమతి కొనసాగినది. దీనిని కామేశం గారి పరిశోధనకు అపజయంగా భావించడం పొరపాటు. వంతెనలకూ స్తంభాలకూ తగిన మందు, పిల్లలు ఆడుకొనే పలకకు తగినది కాకపోవడమే ఇక్కడి విషయం.

మేకులు చెప్పిన పాఠం

ఆర్సెనిక్, క్రోమియం రెండూ తొలగిన తరువాత మిగిలినది రాగి. రాగికి లొంగని శిలీంధ్రాల కొరకు కొన్ని మందులలో చతుర్థక అమోనియం సమ్మేళనాలను, కొన్నింటిలో ఎజోల్ జాతి శిలీంధ్రనాశకాలను చేర్చినారు. ఆర్సెనిక్ లేని లోటును పూడ్చడానికి రాగి పాలు బాగా పెంచవలసివచ్చినది. పిమ్మట రాగి సమ్మేళనాన్ని అతిసూక్ష్మమైన రేణువులుగా నూరి నీటిలో తేల్చి ఎక్కించే పద్ధతి కూడ వచ్చినది.

అప్పుడు మరచిపోయిన పాత సమస్య తిరిగి తల ఎత్తినది. కొత్త పలకలలో బిగించిన మామూలు ఇనుప మేకులు, పలుచని జింకు పూత గల మేకులు త్వరగా తుప్పుపట్టసాగినవి. తడి కొయ్యలో రాగి అయానులు, ఇనుము లేదా జింకు ఒకచోట చేరినప్పుడు జరిగేది పాఠశాల ప్రయోగమే: మైలుతుత్తపు ద్రావణంలో ఇనుప మేకు వేస్తే మేకుమీద రాగి పేరుకొంటుంది, ఇనుము కరిగిపోతుంది. పాత మందులో క్రోమియం దీనిని చాలవరకు అరికట్టేది. 1913లో దానిని చేర్చినదే ఇనుమును కాపాడడానికి! తొంభై ఏండ్ల తరువాత క్రోమియం తొలగినప్పుడు అది చేస్తూ వచ్చిన మొదటి ఉద్యోగం గుర్తుకు వచ్చినది. అందుచేత నేడు కరిగిన జింకులో ముంచి దళసరి పూత వేసిన మేకులనే వాడవలెనని నియమం. ఉప్పుగాలి తగిలే తీరాలలో తుప్పుపట్టని స్టెయిన్‌లెస్ ఉక్కు మేలు. అల్యూమినియం రేకును ఈ పలకలకు నేరుగా తగలనీయరాదు.

పలక ఒక్కటే చాలదు

మందెక్కిన పలక కొన్నంతమాత్రాన అరుగు నిలవదు. మందు దుంగ అంతటా ఉండదు. రసదారువు ఉన్నంత మేరకే ఒక తొడుగువలె ఉంటుంది. వడ్రంగి పలకను కోసినప్పుడు ఆ తొడుగు తెగి, మందులేని లోభాగం బయటపడుతుంది. కాబట్టి కోసిన ప్రతి చివరకూ, తొలిచిన ప్రతి రంధ్రానికీ రాగి నాఫ్తనేటు వంటి మందును కుంచెతో పూయవలెను. కోసిన చివరను ఎప్పుడూ నేలలో పాతరాదు. గుంజను కాంక్రీటులో కూర్చడంకంటె, కాంక్రీటు దిమ్మెపై లోహపు పాదం అమర్చి, నీరు నిలవకుండా దానిపై నిలపడం మంచిది. పలకకూ పలకకూ మధ్య సందు ఉండవలెను. ఆ సందులో చేరిన ఆకులను ఊడ్చివేయవలెను.

అన్నింటికంటె అపాయకరమైన చోటు, అరుగు ఇంటిగోడను కలిసే చోటు. గోడకు ఆనించిన దూలాన్ని మేకులతో కాక బోల్టులతో బిగించవలెను. దాని వెనుకకు నీరు జారకుండా రేకు మడత అమర్చవలెను. ఎందుకంటే కంటికి కనబడే కుళ్లు అంత ప్రమాదం కాదు. మూసిన చోట జరిగేదే ప్రాణాంతకం.

2015 జూన్‌లో కాలిఫోర్నియా తీరంలోని బర్క్‌లీ నగరంలో ఇది రుజువైనది. ఎనిమిదేండ్ల కిందట, 2007లో, పూర్తి ఐన భవనమది. దాని పై అంతస్తు బాల్కనీమీద యువతీయువకులు గుమిగూడి ఉండగా, అది గోడవద్ద విరిగి వేలాడినది. ఆరుగురు మరణించినారు, ఏడుగురు గాయపడినారు. బాల్కనీని మోసే కొయ్య దూలాలు, మూసిన పొరల మధ్య నీరు చిక్కి, లోలోపల కుళ్లిపోయినవి. పైకి అంతా కొత్తగానే కనబడినది. ఈ ఘటన తరువాత 2018లో ఆ రాష్ట్రం ఒక శాసనం చేసినది. మూడు లేదా అంతకంటె ఎక్కువ వాటాలున్న అద్దె భవనాలలో, నేలకు ఆరడుగులకు మించి ఎత్తున ఉండి కొయ్యపై ఆధారపడిన బాల్కనీలను, అరుగులను ఆరేండ్లకొకసారి నిపుణులు పరీక్షించవలెను.

ఊరి తేమను కొలవడం

ఏ ఊరిలో కొయ్య ఎంత త్వరగా కుళ్లుతుందో అంచనా వేయడానికి అమెరికా శాస్త్రజ్ఞుడు షెఫర్ 1971లో ఒక సూచిక ప్రతిపాదించినాడు. ఏ నెలకైనా సగటు ఉష్ణోగ్రతను సెంటిగ్రేడులో తీసుకొని దాని నుంచి 2 తీసివేయవలెను. ఆ నెలలో 0.25 మిల్లీమీటరు లేదా అంతకుమించి వాన కురిసిన రోజుల సంఖ్యనుంచి 3 తీసివేయవలెను. ఈ రెండు ఫలితాలనూ గుణించి 16.7తో భాగించవలెను. పన్నెండు నెలలకూ వచ్చిన అంకెలను కలిపితే ఆ ఊరి సూచిక వస్తుంది. ఉదాహరణకు సగటు ఉష్ణోగ్రత 27 డిగ్రీలు, వాన రోజులు 13 ఐన నెలకు 25ను 10తో గుణించి 16.7తో భాగిస్తే సుమారు 15 వస్తుంది. వాన రోజులు మూడు కాని అంతకు తక్కువ కాని ఐతే ఆ నెలకు సున్న వేయవలెను. మొత్తం 35కు లోపైతే కుళ్లు భయం తక్కువ. 65 మించితే ఎక్కువ. మెక్సికో సింధుశాఖ తీరం ఈ రెండవ తెగలోనిది.

ఈ లెక్కను ఉన్నత పాఠశాల తరగతిలో కోస్తా ఊరొకదానికి, రాయలసీమ ఊరొకదానికి కట్టి పోల్చవచ్చును. ఒక్క జాగ్రత్త అవసరం: మన వాతావరణ శాఖ 2.5 మిల్లీమీటర్లకు తక్కువ కాని వానపడిన రోజునే వానరోజుగా లెక్కిస్తుంది. కనుక ఆ పట్టికలను నేరుగా వాడితే సూచిక తగ్గి వస్తుంది. దినవారీ వర్షపాతపు అంకెలు సేకరించి లెక్కించడం మంచిది. లెక్క పూర్తి ఐన తరువాత విద్యార్థులు తమ ఊరి పాత కంచె గుంజ ఒకదానిని నేలమట్టం దగ్గర తవ్వి, మేకు మొనతో గుచ్చి చూడవచ్చును. మొన ఎక్కడ సులభంగా దిగుతుందో, ఎక్కడ ఆగుతుందో గమనిస్తే, ఫారడే ఉపన్యాసానికీ కామేశం గారి పరిశోధనకూ మూలమైన ప్రశ్న వారి చేతికి తెలుస్తుంది.